యుద్ధయంత్ర ప్రతికృతులు – పాఠనిర్ణయమున వాని ఉపయోగము

ఒక వస్తువును పోలునట్లు చేయబడిన రూపమును చెప్పుటకు పాణిని ప్రత్యేకముగ ప్రత్యయమునే విధించినాడు. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయమున ప్రతికృతి యను అర్థమునందు ‘కన్’ ప్రత్యయము వచ్చునని చెప్పబడినది. దానిచే గుఱ్ఱమును పోలిన బొమ్మ అశ్వకము, ఒంటెను పోలినది ఉష్ట్రకము అగుచున్నవి. ఆటబొమ్మలకు సంబంధించినదివలె కనబడు ఈ విధి ఒక విశేషమును సూచించుచున్నది. ప్రతికృతికి మూలముతో సాదృశ్యము ఉండవలెను గాని, మూలము చేయు పనిని అది చేయవలెనను నియమము లేదు. అశ్వకము పరుగెత్తదు. ప్రాచీన యుద్ధయంత్రముల ప్రతికృతులను గూర్చి విచారించునప్పుడు రూపసాదృశ్యము వేరు, క్రియాసాదృశ్యము వేరు అను ఈ భేదమును మొదటనే గుర్తింపవలసియున్నది.

చారిత్రకాయుధముల చిన్న నమూనాలు నేడు పెక్కు దేశములలో విడిభాగముల పెట్టెలుగా, అనగా కిట్లుగా, అమ్మబడుచున్నవి. ప్లాస్టిక్ అచ్చుభాగములను వాని చట్రమునుండి కోసి, అంచులను నునుపు చేసి, జిగురుతో అతికి, రంగులు వేయుట గొప్ప వినోదకళగ వృద్ధిపొందినది. 1936లో ఇంగ్లండున ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ అను పేర వెలువరించిన విమానముల కిట్లు ప్లాస్టిక్ కిట్లలో మొదటివిగ పరిగణింపబడుచున్నవి. అవి 1:72 ప్రమాణమున, అనగా ఆరడుగులకు ఒక అంగుళము చొప్పున, నిర్మింపబడినవి. యుద్ధశకటముల నమూనాలకు ప్రసిద్ధమైన 1:35 ప్రమాణమునకు ఇట్టి లెక్క యేదియు లేదు. 1960వ దశకపు తొలినాళ్లలో జపాను దేశపు తామియా సంస్థ పాంథర్ ట్యాంకు నమూనాను చేయుచు, మోటారును బ్యాటరీలును లోపల ఇముడునట్లు దాని పరిమాణమును నిర్ణయించుకొనెను. ఆ పరిమాణమే 1:35. ఒక విద్యుత్ఘటపు పొడవు ఈ రీతిగ లోకప్రమాణమైనది.

కౌటిల్యుని మానప్రకరణమును చదివినవారికి ఇచ్చట ఒక సామ్యము తోపకపోదు. 24 అంగుళములు ఒక అరత్ని, 4 అరత్నులు ఒక దండము. కావున దండమునకు 96 అంగుళములు. అరత్నికి ఒక అంగుళము చొప్పున నమూనా చేసిన 1:24, దండమునకు ఒక అంగుళము చొప్పున చేసిన 1:96 ప్రమాణము ఏర్పడును. ఈ రెండును నేటి కిట్లలో వాడుకలోనున్న ప్రమాణములే. అడుగునకు పన్నెండంగుళములుండు ఆంగ్లేయమానమువలన వారికవి లభించినవి. సామ్యము కాకతాళీయమే యైనను, సంస్కృత గ్రంథములలోని కొలతలను చిన్నవి చేయువానికి మిక్కిలి సౌకర్యమును కలిగించును. నాలుగు హస్తముల విల్లు ఉత్తమమని, మూడున్నర హస్తములది మధ్యమమని, మూడు హస్తములది కనిష్ఠమని అగ్నిపురాణము చెప్పుచున్నది. 1:24 ప్రమాణమున అవి వరుసగ నాలుగు, మూడున్నర, మూడు అంగుళముల విండ్లగును. గుణకారమే అక్కరలేదు.

అయినను కిట్టును కూర్చుటకు, గ్రంథమును చూచి యంత్రమును నిర్మించుటకు చాల భేదము కలదు. కిట్టునందు సందేహమునకు చోటులేదు. ఏ భాగము ఎంత మందమో, ఏది దేనిలో దూరవలెనో తయారుచేసినవాడు ముందే తేల్చియుంచును. లియొనార్డో డావించి చిత్రములననుసరించిన కవణయంత్రపు కిట్టును కూర్చువాడు వాస్తవమునకు ఆ చిత్రమును గాక, ఆ చిత్రమునకు ఒకరు వ్రాసిన వ్యాఖ్యను కూర్చుచున్నాడు. ఆ వ్యాఖ్యాత పేరు పెట్టెమీద ఉండదు. పాఠమునుండి నేరుగ ప్రతికృతిని చేయబూనినవాడు తానే వ్యాఖ్యాత కావలెను. గ్రంథవ్యాఖ్యాతకు క్లిష్టస్థలమున ‘స్పష్టము’ అని వ్రాసి దాటిపోవు అవకాశము కలదు. వడ్రంగికి లేదు. మేకు ఏ వైపున కొట్టవలెనో తేల్చనిదే అతని పని ముందుకు సాగదు. ప్రతికృతినిర్మాణము పాఠపరిశోధకునకు ఉపకరించునది ఇందువలననే.

ఈ ఉపకారము ఎంతటిదో గ్రీకు యంత్రగ్రంథముల చరిత్రవలన చక్కగ తెలియగలదు. బైజాంటియమునకు చెందిన ఫిలోన్, అలెగ్జాండ్రియా నగరపు హెరోన్, రోమను వాస్తుకారుడు విత్రూవియస్ అను మువ్వురు రాళ్లను, బాణములను విసరు యంత్రముల లక్షణములను వ్రాసిరి. ఆ యంత్రములకు బలమునిచ్చునవి మెలిపెట్టిన స్నాయువుల లేక కేశముల త్రాళ్లు. త్రాడు దూరు రంధ్రముయొక్క వ్యాసమే సర్వభాగములకును మూలమానము. శిల్పశాస్త్రమున ముఖప్రమాణమగు తాలమునుబట్టి దేహావయవములన్నియు లెక్కింపబడునట్లు, చట్రము, భుజములు, దూలము మున్నగునవి ఆ వ్యాసమునకు ఇన్ని రెట్లని చెప్పబడినవి. వ్యాసమును కనుగొనుటకు ఫిలోన్ చెప్పిన సూత్రము సులభమైనది. రాతి బరువును మీనాలలో తీసికొని, నూరుచే గుణించి, ఘనమూలమును కనుగొని, దానికి దాని పదవవంతు చేర్చిన, వ్యాసము డాక్టిల్ అను గ్రీకు అంగుళులలో లభించును. పది మీనాల రాతికి వేయి, దాని ఘనమూలము పది, పదవవంతు చేర్చగా పదునొకండు అంగుళులు. మీనా సుమారు 436 గ్రాములు, డాక్టిల్ సుమారు 1.93 సెంటీమీటర్లు, కావున నాలుగు కిలోలకు పైబడిన రాతికి 21 సెంటీమీటర్ల రంధ్రము కావలెను. అరువది మీనాల రాతికి ఇదే లెక్కచే దాదాపు ఇరువది అంగుళులు వచ్చును. బరువు ఆరురెట్లైనను వ్యాసము రెండురెట్లు కాలేదు. బాణయంత్రమునకు లెక్క మరియు తేలిక: బాణపు పొడవులో తొమ్మిదవవంతు వ్యాసము.

స్పెయిను దేశమున ఆంప్యూరియాస్ అను చోట 1912లో ఇట్టి బాణయంత్రపు చట్రము, దాని కంచువలయములు త్రవ్వకమున లభించినవి. రంధ్రవ్యాసము సుమారు 8 సెంటీమీటర్లు. మూడు జేనల బాణము, అనగా 36 అంగుళులది, సూత్రముచొప్పున నాలుగు అంగుళుల రంధ్రమును, అనగా 7.7 సెంటీమీటర్లను, కోరును. గ్రంథమును వస్తువును ఇంత దగ్గరగ కలిసిన సందర్భములు అరుదు. జర్మను సేనాధికారి ఎర్విన్ ష్రామ్ ఈ గ్రంథములను ఆధారము చేసికొని నిర్మించిన యంత్రములు సాల్‌బుర్గ్ దుర్గమున ప్రదర్శింపబడినవి. ఆయన గ్రంథము 1918లో వెలువడినది.

ఇంతకంటె పాఠపరిశోధకులకు ముఖ్యమైన వృత్తాంతము ‘ఖైరోబలిస్త్ర’ అను చిన్న గ్రంథమునకు సంబంధించినది. ఆ పేరునకు చేతి క్షేపణి అని అర్థము. హెరోన్ పేర ప్రచారమందున్న ఈ పాఠమున యంత్రభాగములు ఒకదానివెంట నొకటి కొలతలతో వర్ణింపబడినవి. అక్షరములతో గుర్తింపబడిన పటములును వ్రాతప్రతులలో కలవు. కాని ఆ భాగములన్నియు కలిసి ఏ యంత్రమగునో, దాని ప్రయోగమెట్టిదో పాఠమున లేదు. వేషెర్ అను పండితుడు 1867లో ప్రకటించిన సంపుటమున ఈ గ్రంథము చేరినది. 1877లో విక్టర్ ప్రూ దీనిని యంత్రముగనే వివరింప యత్నించెను గాని ఆ వివరణము నిలువలేదు. పిమ్మట 1906లో రుడాల్ఫ్ ష్నైడర్ మఱియొక మార్గమును త్రొక్కెను. వర్ణింపబడిన భాగముల పేరులను చూడగా కనోనెస్, క్లైసిస్, కంబెస్త్రియ, కమరియొన్, క్లిమకియొన్ అని అన్నియు కప్ప అను అక్షరముతోనే, అనగా కకారముతోనే, మొదలగుచున్నవి. కావున ఇది యంత్రలక్షణగ్రంథము కాదని, ఏదో యంత్రనిఘంటువునందలి కకారాది పదముల తునక మాత్రమేనని ఆయన నిర్ణయించెను.

ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. నిఘంటువుల తునకలు వేరు గ్రంథములలో కలిసిపోవుట సంస్కృతమునను అపరిచితము గాదు. అన్ని పేరులు ఒకే అక్షరముతో మొదలగుటకు వేరు సమాధానము చెప్పుట కష్టమే. ఆ వాదముయొక్క బలము పాఠమునందున్నది. బలహీనత ఆ పాఠమును వస్తువుగ కూర్చి చూడకపోవుటయందున్నది. 1971లో ఇంగ్లండు పండితుడు మార్స్‌డెన్ గ్రీకు యంత్రగ్రంథములను అనువాదసహితముగ ప్రకటించుచు, ఈ భాగములను కొలతలననుసరించి ఒకదానితో నొకటి జతపరచెను. క్రీ.శ. 113లో పూర్తియైన ట్రాజన్ చక్రవర్తి స్తంభముపై చెక్కబడిన క్షేపణయంత్రములలో, త్రాళ్లచట్రములు రెండు దూరదూరముగ నిలిచి, మీదుగ విల్లువంటి వంపుగల కమ్మిచే కలుపబడియున్నవి. ఆ వంపుకమ్మియే పాఠమునందలి కమరియొన్, అనగా కమాను. నిచ్చెనవలె అడ్డకమ్మీలు గలది క్లిమకియొన్. నిలువు చట్రములే కంబెస్త్రియ అని ఆయన ప్రతిపాదించెను. మూడేండ్లు గడచినంతనే, 1974లో, రుమేనియా దేశమున గోర్నియా, ఒర్షోవా అను రోమను కోటలయందు దొరికిన ఇనుప వస్తువులు ప్రకటింపబడినవి. అవి రెండు వలయములను కమ్మీలతో కలిపిన చట్రములు. ఒర్షోవాయందు వంపుకమ్మియు లభించినది. పాఠమునందలి వర్ణనతో అవి సరిపడినవి. ఒర్షోవా కమ్మి మీటరుకు పైబడిన పొడవు గలదగుటచే, చేతితో పట్టుకొను ఆయుధముకంటె పెద్దదానిదని స్పష్టము. అయినను రచనాక్రమము అదియే. నిఘంటుశకలమనుకొనినది యంత్రలక్షణమని దీనిచే రూఢమైనది.

ఇంతటితో వివాదము ముగియలేదు. దొరికిన చట్రములు భాగముల రూపమును నిర్ణయించినవే గాని, భుజములు ఏ దిక్కునకు తిరుగునో చెప్పలేదు. విల్కిన్స్ 1995లో ప్రకటించిన పునర్నిర్మాణమున భుజములు పూర్వయంత్రములలోవలె వెలుపలివైపునకు తెరచుకొనియుండును. ఇరియార్తె 2000లో ప్రకటించినదానియందు అవి లోపలివైపునకు తిరుగును. లోపలికి తిరిగిన భుజములకు చలనకోణము ఎక్కువ. కావున త్రాటినుండి ఎక్కువ శక్తి లభించును. వెలుపలి భుజముల పక్షమున గ్రంథపరంపర కలదు. ఈ రెండు పక్షములకు ప్రతికృతులను చేసినవారు కలరు. రెండును బాణమును విసరుచున్నవి. విసరగలుగుట అను హేతువు ఇచ్చట అనైకాంతికమని తర్కశాస్త్రము నెఱిగినవారు వెంటనే గుర్తింపగలరు.

చిన్న యంత్రము చేసిన పనినిబట్టి పెద్దయంత్రపు సామర్థ్యమును ఊహించు విషయమున మఱియొక చిక్కు కలదు. స్నాయురజ్జు యంత్రమును పదవవంతునకు తగ్గించిన త్రాటి ఘనపరిమాణము వేయవవంతగును. అందు నిలువయుండు శక్తియు అంతే తగ్గును. విసరవలసిన రాతి బరువును వేయవవంతే. కావున రాతివేగము, గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, మారదు; పడు దూరమును మారదు. ఫిలోన్ సూత్రమున ఘనమూలము వచ్చుటకు కారణమిదియే. బరువును త్రాటి ఘనమును సమముగ పెరిగిన పెద్దదియు చిన్నదియు ఒకే దూరమునకు విసరును. పది మీనాల యంత్రమునకు పదవవంతు చేసిన నమూనా, అదే స్నాయువుతో అంతే బిగువుగ కట్టినచో, నాలుగు గ్రాముల గులకరాతిని మూలయంత్రపు వేగముతోనే పంపును. తరగతిగదిలో దానిని ఆటవస్తువుగ ఎంచరాదు.

బరువును క్రిందికి వదలి దాని పతనముచే దూలమును లేపి రాయి విసరు తులాయంత్రము దీనికి భిన్నము. అచ్చట శక్తి బరువుతోపాటు అది దిగు ఎత్తునుబట్టి కూడ వచ్చును. పదవవంతు నమూనాలో ఎత్తు పదవవంతగుటచే, రాయి పడు దూరమును పదవవంతే యగును. ఓరుగల్లు కోటను 1310లో ఢిల్లీ సుల్తాను సేనలు ముట్టడించినప్పుడు రాళ్లు విసరు యంత్రములు వాడబడినట్లు అమీర్ ఖుస్రో తన ఖజాయినుల్ ఫుతూహ్ గ్రంథమున వర్ణించెను. ఆ వర్ణన అలంకారభూయిష్ఠము. యంత్రపు కొలతలు అందు వెదకుట వ్యర్థము. ఓరుగల్లు ముట్టడికి నమూనా చేయువారు కొలతలను ఇతరదేశపు యంత్రములనుండి ఎరవు తెచ్చుకొనవలసినదే. అట్లు తెచ్చుకొనినట్లు వ్రాయుటయు వారి విధియే.

సంస్కృత గ్రంథములకు వచ్చినచో పరిస్థితి మారును. అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్ష ప్రకరణమునందు యంత్రములు స్థిరములు, చలములు అని రెండు తెగలుగ చెప్పబడినవి. స్థిరయంత్రములు పది: సర్వతోభద్రము, జామదగ్న్యము, బహుముఖము, విశ్వాసఘాతి, సంఘాటి, యానకము, పర్జన్యకము, బాహువు, ఊర్ధ్వబాహువు, అర్ధబాహువు. కౌటిల్యుడు చెప్పినది పేరులే. అధ్యక్షుడు నిలువ చూచుకొనవలసిన వస్తువుల పట్టిక యది, నిర్మాణవిధి కాదు. మైసూరునందు 1909లో శామశాస్త్రి ప్రకటించిన పిమ్మట ఈ పేరులకు అర్థము చెప్పుటకు పండితులకు ముఖ్యాధారమైనది రెండవ అధికరణముపై కొంతవరకు దొరకిన భట్టస్వామి వ్యాఖ్య. సర్వతోభద్రము అన్ని దిక్కులకు రాళ్లు విసరునది. జామదగ్న్యము పెద్ద బాణయంత్రము. బహుముఖము ధానుష్కులు నిలుచు, తోలు కప్పిన ఎత్తైన మంచె. పర్జన్యకము నిప్పు నార్పు జలయంత్రము. ఇట్టి ఒక్కొక్క వాక్యమే లభించినది. ఏ యంత్రమునకును మూలమానము చెప్పబడలేదు. ఘనమూలమును కనుగొను విధానము ఆర్యభటీయమున, క్రీ.శ. 499 నాటికే, సుప్రతిష్ఠితము. కాని గణితమునందలి ఆ విధి ఈ యంత్రప్రకరణమునకు అన్వయింపబడలేదు. పేరుకును ప్రతికృతికిని నడుమ ఇచ్చట గ్రీకు గ్రంథములలో లేని అగాధము కలదు.

ఆ అగాధమును దూకుటలో కలుగు ప్రమాదమునకు శతఘ్ని మంచి ఉదాహరణము. నేటి తెలుగున శతఘ్ని యనగా ఫిరంగి. పత్రికలు దానిని ఆ అర్థముననే వాడుచున్నవి. రామాయణమునందు లంకాప్రాకారముపై శతఘ్నులున్నవని చదివిన విద్యార్థి మనసున ఇనుపగొట్టమును చక్రములును మెదలుట సహజము. అర్థశాస్త్రవ్యాఖ్య మాత్రము శతఘ్నిని పొడవైన మేకులు దిగగొట్టిన, ప్రాకారముపై నుంచబడు స్థూలస్తంభమని చెప్పుచున్నది. మీదికి ఎక్కివచ్చు శత్రువులపై దొర్లించి అనేకులను ఒక్కమారుగ చంపుటచే ఆ పేరు అన్వర్థమగును. మందుగుండుతో ప్రేలు గొట్టములు కౌటిల్యీయమునకు వేయి సంవత్సరములకు పైగా తరువాతివి. శతఘ్నిని ఫిరంగిరూపమున చేసి ప్రదర్శనశాలలో నిలిపినచో, తప్పు అచ్చు పుస్తకమునకంటె గాఢముగ నాటుకొనును. పుస్తకమున ‘ఫిరంగి కావచ్చును’ అని వ్రాయవచ్చును. కొయ్యతో ‘కావచ్చును’ అని చెక్కుటకు వీలులేదు. ఫిరంగి ప్రతికృతియే కావలసినవారికి గోలకొండ బురుజులపై నేటికిని నిలిచియున్న ఫిరంగులు కలవు. వానిని నేరుగ కొలుచుకొనవచ్చును, ఊహతో పనిలేదు.

భోజుని సమరాంగణసూత్రధారమున యంత్రవిధానాధ్యాయము మఱియొక విధమైన అవరోధమును కల్పించుచున్నది. యంత్రములనుగూర్చి అంత విపులముగ వ్రాసిన గ్రంథము సంస్కృతమున వేరొకటి లేదనుట అతిశయోక్తి గాదు. దుర్గరక్షణకై విండ్లు, శతఘ్నులు, ఉష్ట్రగ్రీవములు మున్నగునవి అందు పేర్కొనబడినవి. అయినను నిర్మాణవివరములు వదలివేయబడినవి. తెలియకపోవుటచే గాక రహస్యముగ నుంచుటకే చెప్పలేదని భోజుడే విస్పష్టముగ ప్రకటించెను. ఈ మాటను కొందఱు నమ్మిరి, కొందఱు శంకించిరి. రాఘవన్ 1952లో ప్రాచీనభారతయంత్రములపై వెలువరించిన పరిశీలనము ఈ చర్చకు నేటికిని మంచి ప్రవేశము. కారణమేదైనను ప్రతికృతి చేయువానికి ఫలమొక్కటే: భోజుని యంత్రమును చేసితినని అతడు చెప్పరాదు; భోజుడు పేర్కొన్న పేరుగల ఒక యంత్రమును చేసితినని మాత్రము చెప్పవచ్చును.

ఇట్లనుటచే ప్రతికృతినిర్మాణమును విడువవలెనని తాత్పర్యము కాదు. వ్రాతప్రతిని పరిష్కరించువాడు లుప్తాక్షరములను పూరించునప్పుడు కుండలీకరణచిహ్నములు ఉంచును. కొయ్యపనియందును అట్టి సంకేతము సాధ్యమే. పాఠమున చెప్పబడిన భాగములను టేకుతోను, వ్యాఖ్యవలన తెలిసినవానిని వేరు రంగు కొయ్యతోను, కేవలము ఊహించినవానిని రంగువేయని అట్టముక్కలతోను చేసినచో, చూచువారికి ఒక్క చూపులో ప్రమాణబలము తెలియును. జామదగ్న్యమును ఈ పద్ధతిని చేయబూనినచో టేకు ముక్క ఒక్కటియు పడదు. బాణమొక్కటి వ్యాఖ్యపు కొయ్యతో, మిగిలినదంతయు అట్టతో తయారగును. చూచుటకు అందముగ నుండదు. శతఘ్నియైనచో స్తంభమును మేకులును వ్యాఖ్యపు కొయ్యతో నిండుగ వచ్చును. మేకుల సంఖ్య, స్తంభపు పొడవు అట్టవి.

విశ్వాసఘాతి విద్యార్థులతో మొదలుపెట్టుటకు అనువైనది. కోట వెలుపల దారికి అడ్డముగ నుంచబడి, శత్రువు చేరినప్పుడు వానిపై పడి చంపు దూలమని దాని వివరణము. 1:24 ప్రమాణమున ఆరు హస్తముల దారి ఆరంగుళములగును. దూలము రెండు చివరల ఆనియుండి ఒక్కమారు క్రిందపడవలెనా, లేక ఒక చివర కీలుపై తిరిగి మఱియొక చివర దిగవలెనా యను ప్రశ్న మొదటి గంటలోనే పుట్టును. దానిని నిలిపియుంచు గొళ్లెమును కోటలోనివారు త్రాటితో లాగుదురా, దారిని నడచువాని అడుగే తప్పించునా యనునది రెండవ ప్రశ్న. పేరునందలి విశ్వాసశబ్దము రెండవ పక్షమునకు కొంత అనుకూలము. నమ్మి అడుగుపెట్టినవానినే అది చంపును గదా. స్థిరయంత్రములలో చేర్చబడుటచే కోటనుండి నడుపబడునదని మొదటి పక్షమువారు చెప్పవచ్చును. రెండు నమూనాలను చేసి, ఒకే పీఠముపై ప్రక్కప్రక్కన నుంచి, ఒక్కొక్కదానిక్రింద దాని ఆధారవాక్యమును వ్రాసి ఉంచవలెను.